తివీజీ రోజు వెల

మూడో పేజీలో "ఊరి వాటా" అన్న గడిలో "ఏమీ లేదు" అని రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, ఒక్క కొట్టివేత కూడా లేదు. ఆ రెండు మాటల వల్ల మా దరఖాస్తు మొత్తం వెనక్కి వచ్చింది.

దాన్ని పట్టుకొచ్చింది కౌతర్. పట్నంలో గ్రామీణాభివృద్ధి నిధి ఆఫీసులో పనిచేస్తుంది. నా కంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది, అంతే. మా ఇంట్లో చాప మీద కూర్చుని, మా అత్తగారు పోసిన టీ రెండు గ్లాసులు తాగి, ఆవిడ మేకల దగ్గరికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు సంచిలోంచి కాగితాలు తీసింది. ఆ ఆగడం చూసే ఏదో చెడిందని నాకు తెలిసిపోయింది. ఒళ్లో తిలీలా పాలు తాగుతోంది. ఎనిమిది నెలల పిల్ల. నేను కదిలానేమో, రొమ్ము వదిలి నా ముఖం వంక చూసింది.

"కెల్తూమ్, ఇది నువ్వే రాశావా?"

"నేనే."

"నిధి వాళ్లు ఐదింట నాలుగు వంతులు ఇస్తారు. ఐదో వంతు ఊరు పెట్టుకోవాలి. అది వాళ్ల నియమం. మీరేమో ఏమీ లేదన్నారు. తమది ఏమీ పెట్టుకోని ఊరికి మనమెందుకు పెట్టాలి అని పైవాళ్లు పక్కన పడేశారు."

"మా దగ్గర డబ్బు లేదు కదా. లేనిది లేదనే రాశాను. ఉందని అబద్ధం రాయాలా?"

కౌతర్ ఆ పేజీని నా వైపు తిప్పి పెట్టింది. నేనే మళ్లీ అడిగాను, ఇప్పుడేం చెయ్యాలని.

"పదిహేను రోజుల్లో సరిచేసి ఇస్తే మళ్లీ చూస్తారు. ఆ తర్వాత జాబితా మూసేస్తారు. మళ్లీ తెరిచేది రెండేళ్లకి."

రెండేళ్లంటే రెండు పూతలు. మా అగ్దిమ్‌లో కుంకుమపువ్వు అక్టోబరు చివర పూస్తుంది. మూడు వారాలు, అంతే. ఆ మూడు వారాల్లో వాన పడితే కేసరాలు ఎండవు. ఎండకపోతే ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన పళ్లెంలో పెట్టి ఆరబెడతాం. రంగు మాడుతుంది, పొగ వాసన పడుతుంది. వ్యాపారి వచ్చి ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం చిట్లించి, సగం ధర చెబుతాడు. సంతకి తీసుకెళ్లినా అదే ధర, ఎందుకంటే సంతలో ఉండేదీ అతనే. అందుకే ఇరవై ముగ్గురు ఆడవాళ్లం సంఘం పెట్టుకున్నాం. పొగ తగలకుండా, వేడి గాలితో ఆరబెట్టే ఒక ఇల్లు, సీసాలకు మూతలు బిగించే యంత్రం, నమ్మకమైన త్రాసు. మొత్తం మూడు లక్షల దిర్హాములు. ఊరి వాటా అరవై వేలు. మా అత్తగారు లల్లా ఇజ్జా సంఘానికి పెద్ద. ఆవిడకి చదవడం రాదు. నేను ఆరో తరగతి దాకా చదివాను. ఏడో తరగతి బడి కొండ దిగి మూడు గంటల నడక, అక్కడ ఆడపిల్లలు ఉండడానికి చోటు లేదు, అక్కడితో ఆపేశారు. ఆ ఆరు తరగతుల మీదే సంఘం వాళ్లు నా చేతికి కలం ఇచ్చారు.

కౌతర్ వెళ్లిపోతూ సంఘం స్థలం చూస్తానంది. తిలీలాని వీపుకి కట్టుకుని తీసుకెళ్లాను. వాగు పైన మెరక మీద మోకాలెత్తు దాకా లేచిన రాతిగోడలు చూసి ఆమె ఆగిపోయింది.

"ఇది ఎవరు కట్టారు?"

"మేమే. డబ్బు వచ్చేలోగా గోడలన్నా లేపుదామని మొదలెట్టాం."

"మేస్త్రీకి ఎంతిచ్చారు?"

"మేస్త్రీ ఎవరు? తివీజీ చేశాం."

"ఎన్ని రోజులు?"

"ఎవరు లెక్కపెట్టారు?"

కౌతర్ ఆ గోడ మీదే కూర్చుండిపోయింది. నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "మా నాయనమ్మ ఈ మాట అనేది. తివీజీ. నేను పట్టించుకోలేదు. కెల్తూమ్, మీ వాటా ఇదే. ఈ రాళ్లే. వాటా అంటే డబ్బే అని ఎవరన్నారు? ఎవరెవరు వచ్చారు, ఎన్ని రోజులు వచ్చారు, రోజుకి ఎంత, అది రాసిస్తే చాలు."

ఆమె సులువుగా అనేసింది. కానీ తివీజీ లెక్కపెట్టే పని కాదు.

ఒకరింటి పనికి ఊరంతా రావడం తివీజీ. పంట కోతకి, ఇంటి పైకప్పుకి, కాలువ పూడిక తియ్యడానికి. కబురు వెళ్తుంది, ఇంటికొకరు వస్తారు, పని ఎవరిదో వాళ్లు అన్నం పెడతారు. అక్కడితో అయిపోతుంది. ఎవరూ రాసుకోరు, ఎవరూ గుర్తుచెయ్యరు. గుర్తుచేస్తే అది తివీజీ కాదు. నేను కాపురానికి వచ్చిన ఏడు, అగాదీర్‌లో రెండు దుకాణాలున్న హమ్మూ ఊళ్లో ఇల్లు కట్టాడు. పైకప్పు వేసిన సాయంత్రం మనిషికొక యాభై దిర్హాముల నోటు పంచాడు. మంచి మనసుతోనే పంచాడు. జనం ఆ నోట్లన్నీ అతని గడప మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ ఏడు అతని బార్లీ కొయ్యడానికి ఒక్కరూ వెళ్లలేదు. అతనూ పెళ్లామూ, పట్నపు చెప్పులతో పొలంలో దిగి కోసుకున్నారు.

ఇప్పుడు నేను ఇంటింటికీ వెళ్లి, మీ తివీజీ ఎన్ని రోజులు, దాని వెల ఎంత అని అడగాలి.

అత్తగారు రొట్టె తట్టుతుంటే చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగలేదు.

"రేపు నీ పిల్లకి పాలిచ్చిన లెక్క కూడా రాస్తావా?"

"ఇమ్మా, నేను అడగడం లేదు. నిధి వాళ్లు..."

"నీ పెళ్లికి ఈ ఊరు వచ్చి మూడు రోజులు వండింది. దానికి చీటీ పంపించమంటావా మీ పుట్టింటికి?"

"పంపిస్తే మా నాన్న అప్పులపాలవుతాడు."

ఆవిడ నవ్వొచ్చి ఆపుకుంది. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. "ఇమ్మా, మిమ్మల్ని అడిగే కదా రాశాను ఏమీ లేదని. మీరే అన్నారు."

"నేనేమన్నాను?"

"లేదు అన్నారు."

"డబ్బు లేదన్నాను. ఏమీ లేదన్నానా? ఏమీ లేకపోతే ఆ గోడ గాలికి లేచిందా?" రొట్టెని పెనం మీదకి విసిరింది. "అయినా లెక్కపెడితే బర్కత్ పోతుంది, అల్లా దీవెన నిలవదు. ఆ ఇంట్లో పెట్టిన పువ్వు పువ్వులా ఉండదు. నా వల్ల కాదు. ఇంకెవరినన్నా పెద్దగా పెట్టుకోండి."

డబ్బు లేదు, ఏమీ లేదు. ఆ రెంటికీ తేడా నాకు తెలియక కాదు. రాసేటప్పుడు ఆ గడిలో ఒక అంకె కోసమే చోటు కనపడింది నాకు. బర్కత్ పోతుందన్న మాట విన్నాక, ఆ రెండు రోజులూ తిలీలా ఎప్పుడు నిద్రపోయినా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉన్నాను. అది మామూలుగానే ఊపిరి పీలుస్తోంది. నేనే సరిగ్గా పీల్చడం లేదు.

కబురు ఎలా పొక్కిందో తెలియదు, ఊట దగ్గర నీళ్లు పట్టేవేళకి అందరికీ తెలిసిపోయింది. రఖూష్ మా పక్కింటామె. నోరు విప్పితే ఊరు వింటుంది.

"ఏమే, ఆరు తరగతులు చదివి ఏమీ లేదని రాయడం నేర్చుకున్నావా? అది నాకు ఏ తరగతీ లేకుండానే వచ్చుగా."

ఎవరూ నవ్వలేదు. అదే ఇంకా బాధ. నా కుండ నిండి పొర్లిపోతున్నా తియ్యలేదు.

రఖూష్ నా కుండ తీసి పక్కన పెట్టింది. "ఏడవకు. పిల్లకి పాలు పులుస్తాయి. రెండేళ్లు ఆగలేమా? ఇన్నేళ్లు ఆ సగం ధరకే అమ్మాం. పోతే పోయింది." కానీ ఆమె ముఖం పోతే పోయిందన్నట్టు లేదు. ఆమె కూతురికి పంటి నొప్పి, చలికాలం నుంచి పట్నం తీసుకెళ్లలేక నాన్చుతోంది.

మర్నాడు కళ్లంలోకి అన్నం తీసుకెళ్లాను. దద్దా వాహ్మాన్ మా మామగారి అన్న. డెబ్బై దాటాడు. కంచరగాడిదల చేత తొక్కించిన బార్లీని తూర్పారబట్టి, కుప్ప పోసి, కొయ్య కొలతతో కొలుస్తున్నాడు. నిండుగా తీసి, అరచేత్తో పైన సమంగా నిమిరి, గోనెలో పోస్తాడు. పోసిన ప్రతిసారీ ఒక మాట అంటాడు. మొదటిదానికి బిస్మిల్లా. రెండోదానికి, ఆయనకు జత లేదు. మూడోదానికి బర్కత్. అలా ప్రతి కొలతకీ ఒక మాట ఉంది, ఏ కొలతకీ అంకె లేదు. ఏడోదానికి వెన్న అంటాడు. పదోదానికి పేదవాడిది అని, ఆ కొలత మాత్రం పక్కనున్న వేరే గోనెలో పోస్తాడు. మళ్లీ బిస్మిల్లా.

చిన్నప్పటి నుంచి వింటున్న మాటలే. ఆ రోజు మజ్జిగ కుండ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"పొయ్యవే, ఎండలో నా నాలుక పిడచ కట్టుకుపోయింది," అన్నాడు.

పోశాను. "దద్దా, ఎన్ని కొలతలయ్యాయి?"

"అల్లా ఇచ్చినన్ని."

"మరి పదో కొలత ఏదో ఎలా తెలుస్తుంది?"

"నా నోటికి తెలీదు. చేతికి తెలుసు." తాగి, మూతి తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంటి, దీని మీద కూడా దరఖాస్తు రాస్తావా?"

"లెక్కపెడితే బర్కత్ పోతుందంటారు కదా. మీరు కొలుస్తున్నారు."

"పేదవాడి వంతు పెట్టాలంటే కొలవొద్దూ? కొలవకుండా కళ్లు మూసుకుని ఇస్తే అది నేను తక్కువిచ్చినట్టో ఎక్కువిచ్చినట్టో? లెక్క తప్పు కాదు పిల్లా. నాది ఇంత, నాది ఇంత అని నోటితో అనుకోవడం తప్పు."

అత్తగారు అవతల గడ్డి కట్టలు కడుతోంది. వింటోందని నాకు తెలుసు, కట్ట కట్టడం ఆగింది కాబట్టి. దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది.

"నీకు ఎవరు నేర్పారు, ముసలాణ్ణి ముందు పెట్టుకుని నాకు వినిపించడం?"

"నేనేం నేర్చుకోలేదు ఇమ్మా. నిజంగానే ఇప్పుడే తట్టింది."

"తడుతుంది. అన్నీ ఆలస్యంగా తడతాయి నీకు." గడ్డి తాడు పళ్లతో పట్టి బిగించింది. ఇంకో కట్ట దగ్గరికి లాక్కుంటూ అంది, "గురువారం అందరినీ రమ్మను. ఎవరి నోటా అంకె రాకూడదు. నువ్వు కాగితం మీద ఏం గీసుకుంటావో నాకు చూపించకు."

గురువారం ఇరవై ముగ్గురం ఆ మోకాలెత్తు గోడల మధ్య కూర్చున్నాం. నా ఒళ్లో పుస్తకం, వీపున తిలీలా. ఎవరెవరు ఏ రోజు వచ్చారో తేదీలు ఎవరికీ తెలియవు. కానీ రోజులు తెలుసు. పువ్వు కోతలు అయ్యాక నవంబరు ఆఖరున మొదలెట్టి, బార్లీ కోతల దాకా గురువారం గురువారం చేశాం. మట్టి తవ్వకానికి ఇంకో రెండు రోజులు.

"ముగ్గు పోసి హద్దు గీసిన రోజు," అంది అత్తగారు. "బిస్మిల్లా."

"మంచు పడ్డ రోజు. అందరం వచ్చి, చేతులు కాచుకుని, పని చెయ్యకుండా కబుర్లు చెప్పుకుని వెళ్లిపోయాం," అంది రఖూష్. "అది కూడా రాస్తావా?"

"రాళ్లు మోశామా?" అని అడిగింది అత్తగారు.

"ఒకటి మోశాను. దాని మీద కూర్చోడానికి."

"అది తీసెయ్. ఆ రోజు లేదు."

నేను కొట్టేశాను. తర్వాత గాడిద వాగులో పడి అందరం తాడు వేసి లాగిన రోజు. ఆయనకు జత లేదు. పెద్ద బండ దొర్లి లల్లా రబ్‌హా కాలి వేలు నలిగిన రోజు. బర్కత్. రబ్‌హా తన కాలు చూపించి, ఈ గోరు ఇంకా రాలేదు, దానికి వేరే రోజు రాయమంది. ఒక్కొక్క రోజు చెప్పగానే ఎవరు వచ్చారో ఎవరు రాలేదో పేర్లు పైకి వచ్చాయి. ఎవరో ఒకామె పేరు చెబితే ఆమె తలూపి, లేదు, ఆ రోజు మా మరిది పెళ్లిచూపులు, నన్ను తీసెయ్ అంది. ఇంకొకామె, నేను మధ్యాహ్నం నుంచే వచ్చాను, సగమే రాయి అంది. ఎవరూ కలపమనలేదు. అందరూ తీసెయ్యమనే అన్నారు. నా భయం అరవై వేలు నిండాలని. వాళ్ల భయం చెయ్యని రోజు తమ పేరు మీద పడుతుందని. నేను పురిట్లో ఉన్నందువల్ల మొదటి ఆరు గురువారాలు వెళ్లలేదు. రఖూష్ అది పైకి చదివి వినిపించమంది. చదివాను. నా పేరు కింద అందరికంటే తక్కువ గీతలున్నాయి.

"పేదవాడిది," అంది అత్తగారు పదో రోజుకి.

"పేదది నేనే కదా. అది నాకే రాయి," అంది రఖూష్.

మూడుసార్లు పేదవాడిది వచ్చేసరికి ఎండ వాలింది. ఎవరి నోటా ఒక్క అంకె రాలేదు. ఇంటికెళ్లి, పిల్లని పడుకోబెట్టి, గీతలు కూడి చూశాను. ఆరువందల పన్నెండు. రెండుసార్లు లెక్కేశాను. సగం రోజులు జతలు కలిపి మూడోసారి లెక్కేశాను. అదే వచ్చింది. సంతలో రాళ్ల పనికి రోజుకి వంద దిర్హాములు ఇస్తారు. అరవై ఒక్క వేల రెండువందలు. చాలని తెలిశాక కూడా ఆ పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. చివరికి తిలీలా బట్టల కింద దాచాను.

కౌతర్ కాగితాలు తీసుకెళ్లిన నాలుగో రోజు, తనిఖీ అని ఆమె పైఅధికారి బెల్ఖీర్‌ని తీసుకొచ్చింది. మర్యాదకి మేం పిలిచేది సీ బెల్ఖీర్. లావుపాటి మనిషి, ఓపికగల మనిషి. గోడ పొడవు టేపుతో కొలిచాడు, మందం కొలిచాడు, మూల రాళ్లు తట్టి చూశాడు, పని బాగుందన్నాడు. తర్వాత తన నియమాల కాగితాలు గోడ మీద పరిచి, గాలికి పైన ఒక రాయి పెట్టి, నా జాబితా చదివి, చివర నేను వేసిన వంద కొట్టేసి అరవై వేశాడు.

"రోజులు సరిపోయాయి. వెల సరిపోలేదు."

"అదేంటి సార్?" అంది కౌతర్.

"మగ కూలి వంద. ఆడ కూలి అరవై. వీళ్లందరూ ఆడవాళ్లే కదా. ముప్పై ఆరు వేల ఏడువందల ఇరవై." నా వైపు తిరిగి నెమ్మదిగానే చెప్పాడు. "ఇంకా ఇరవై మూడు వేల పైచిలుకు కావాలమ్మా. చందా వేసుకోగలరా? వారం ఉంది."

ఇరవై మూడు వేలు. తలా వెయ్యి. మా ఆయన ఇద్దర్ కాసాబ్లాంకాలో ఎవరిదో కిరాణా కొట్లో పనిచేస్తూ నెలకి పంపేది అంతకంటే తక్కువ. వెనకనుంచి రఖూష్ గొంతు వినపడింది.

"ఈ మూల రాయి వాగు లోంచి ఇక్కడి దాకా తెచ్చింది నేను. మీరు ఒక్కసారి దాన్ని ఎత్తి చూపించండి సీ బెల్ఖీర్. తర్వాత అరవై కాదు, ముప్పై వేసుకోండి, ఒప్పుకుంటాం."

ఆయన ఆ రాయి వంక చూశాడు, తన బూట్ల వంక చూసుకున్నాడు. "నేను చేసిన రేటు కాదమ్మా ఇది. సంతలో ఉన్న రేటు."

అత్తగారు లేచి నిలబడింది. ఇక చాలు, వెళ్లిపొమ్మంటుందని భయమేసింది. ఆవిడ నోరు తెరిచే లోపల ఏదో ఒకటి చెయ్యాలి. గోడ మీద పరిచిన కాగితాలు నా ముందే ఉన్నాయి. ఒకవైపు ఫ్రెంచి, అది నాకు రాదు. రెండోవైపు అరబ్బీ. వేలు పెట్టి చదవడం మొదలెట్టాను. నాకు వేలు పెట్టకపోతే అక్షరాలు కదిలిపోతాయి. ఇసుక ఒక బండికి. సున్నం ఒక బస్తాకి. రవాణా. ఆ కింద, రాతి గోడ పని, మనిషికి, రోజుకి, వంద దిర్హాములు.

మళ్లీ చదివాను. మనిషికి అనే ఉంది.

"సీ బెల్ఖీర్," అన్నాను. ఆయనకి వినపడలేదు. రెండోసారి అన్నాను. "ఇక్కడ మనిషికి అని ఉంది."

"ఆఁ."

"మగవాడికి అని లేదు. ఆడవాళ్లకి వేరే అని వెనక పేజీలో ఉందేమో నాకు తెలీదు. ఆ పేజీ ఫ్రెంచిలో ఉంది. ఉంటే చెప్పండి. నేను ఒకసారి తప్పు రాశాను, మళ్లీ తప్పు రాయదలుచుకోలేదు."

నేను ఎత్తిపొడవడానికి అనలేదు. నిజంగానే నాకు తెలియదు. కానీ వెనకనుంచి రఖూష్ పెద్దగా, "ఆడది మనిషి కాదని ఏ పేజీలో ఉందో మాకూ చదివి వినిపించండి, విని వెళ్లిపోతాం," అంది. అందరూ నవ్వారు. నవ్వుకి తిలీలా ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది.

సీ బెల్ఖీర్ రాయి తీసి కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. ముందు పేజీ చూశాడు, వెనక పేజీ చూశాడు, జతచేసిన ఇంకో రెండు కాగితాలు చూశాడు. నేను తిలీలాని ముందుకి తిప్పుకుని వీపు నిమురుతూ ఆయన కళ్లు ఏ వరుస మీద ఆగుతాయా అని చూస్తున్నాను. ఎక్కడా ఆగలేదు.

"పదకొండేళ్లుగా ఈ కాగితం నా సంచిలో ఉంది," అన్నాడు చివరికి. "ఎప్పుడూ ఆడవాళ్లకి అరవయ్యే వేస్తున్నాం. ఎవరు మొదలెట్టారో తెలీదు."

"మరి ఇప్పుడు?" అంది కౌతర్.

"ఇప్పుడు ఉన్నది రాస్తాను. పైవాళ్లు అడిగితే మనిషి అని ఉందని చూపిస్తాను." జేబులోంచి కలం తీసి, అరవై కొట్టేసి, వంద వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత నన్నూ పెట్టమన్నాడు. తొందరలో నా పేరు చివర తోక పొడుగైపోయింది. ఆయన అదేం పట్టించుకోలేదు. "ఆమోదిస్తారో లేదో నా చేతుల్లో లేదమ్మా. కానీ వాటా దగ్గర మాత్రం దీన్ని ఎవరూ ఆపలేరు."

వాళ్ల బండి మలుపు తిరిగాక రఖూష్ నా పక్కన కూలబడి, "పదకొండేళ్లట. ఎన్ని ఊళ్ల గోడలకి ఎన్ని నలభైలు ఎగ్గొట్టారో," అంది. అత్తగారు నా చేతిలోంచి పిల్లని తీసుకుని ముందు నడిచింది. ఇంటిదాకా తనే ఎత్తుకుంది.

ఆగస్టు చివర కౌతర్ ఫోన్ చేసింది. జాబితాలో మాది ఆరో పేరు. అయితే అడిగినంతా ఇవ్వలేదు. సీసాల మూతల యంత్రం తీసేశారు, వచ్చే ఏడు చూద్దామన్నారు. గదికి, ఆరబెట్టే అరలకి, ఎండతో గాలిని వేడిచేసే పలకలకి, త్రాసుకి ఇచ్చారు. మొదటి వాయిదా గోడలు తలుపెత్తు దాకా లేస్తే వస్తుంది. పక్క లోయలోని రెండు సంఘాల ఆడవాళ్లు కూడా వాళ్ల పాత కాగితాలు మళ్లీ లెక్కవెయ్యమని ఆఫీసుకి వెళ్లారని నవ్వుతూ చెప్పింది. సీ బెల్ఖీర్ తల పట్టుకున్నాడట.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లి అత్తగారికి చెప్పాను. ఆవిడ మేకకి పాలు పితుకుతోంది.

"మూతలకి యంత్రం దేనికి, చేతులు లేవా?" అంది ముందు. చెంబు నిండాక లేచి, నడుము పట్టుకుని నిలబడి, కొండ మీద మబ్బుల వంక చూసింది. "పూతకి రెండు నెలలు కూడా లేదు. ఈ గురువారమే గోడ ఎత్తాలి. కబురు పంపు. అన్నం మనింట్లో."

"పుస్తకం తేనా ఇమ్మా?"

"తివీజీకి పుస్తకమేంటే?"

అయినా తీసుకెళ్లాను. సున్నం బస్తాలకి, కిటికీ చట్రాలకి రసీదులు దాచాలి కదా, అవి డబ్బు పెట్టి కొన్నవి. వాటిని ఆ పుస్తకంలో మడిచి పెట్టి, ఒక రాయి మీద ఉంచి, పిల్లని గోడ నీడలో పడుకోబెట్టి, వాగులోకి దిగాను. అప్పటికే ఇద్దరు దిగి ఉన్నారు. ఎంతమంది వచ్చారో చూడలేదు.